ఎడారి దారిలో పాత బండ్లు

ఆస్ట్రేలియా దేశం నడిమి భాగంలో మారీ అనే చిన్న ఊరి నుండి బర్డ్స్‌విల్ అనే ఇంకొక చిన్న ఊరికి ఒక మట్టి దారి ఉంది. పొడవు 500 కిలోమీటర్ల పైమాటే. కర్నూలులో బయలుదేరి కడప మీదుగా చెన్నై చేరి, ఇంకా కొంత దూరం పోతే ఎంతో అంత. మన దారిలో అయితే నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు, రాజంపేట అంటూ గంటకొక ఊరు తగులుతుంది. ఆ దారిలో ఊరన్నది లేదు. ఎక్కడో ఒకచోట వేల ఎకరాల పశువుల ఎస్టేటు, అందులో ఒక ఇల్లు. మిగిలినదంతా ఇసుక దిబ్బలు, గులకరాళ్ళ మైదానం. కర్నూలులో ఏడాదికి 650 మిల్లీమీటర్లకు పైగా వాన పడినా మనం కరువు సీమ అంటున్నాము. బర్డ్స్‌విల్‌లో పడేది అందులో పావు వంతు.

1936 జనవరి 1న టామ్ క్రూజ్ అనే యువకుడు తపాలా లారీ తోలుకొని ఈ దారిన బయలుదేరాడు. (సినిమా నటుడు వేరు, ఈయన వేరు.) రెండు వారాలకొకసారి ఉత్తరాలు, పిండి బస్తాలు, మందులు, పెట్రోలు పీపాలు ఆ ఒంటరి ఇళ్ళకు చేరవేయడం ఆయన పని. దిబ్బలో లారీ కూరుకుపోతే ఇనుప రేకులు చక్రాల కింద పరిచి, నాలుగు గజాలు నడిపి, మళ్ళీ ఆ రేకులు తీసి ముందు పరిచేవాడు. ఏటికి వరద వస్తే సరుకంతా పడవలో అవతలి గట్టుకు దాటించి అక్కడ ఇంకొక లారీకి ఎక్కించేవాడు. 1954లో ఆయన ప్రయాణం మీద జాన్ హేయర్ తీసిన డాక్యుమెంటరీ చిత్రానికి వెనిస్ ఉత్సవంలో గొప్ప బహుమతి వచ్చింది. దానితో ఆయన పేరు దేశమంతటా తెలిసింది. 1957లో ఆయన లేలాండ్ బ్యాడ్జర్ లారీ పాడైపోతే ఎడారిలోనే వదిలేశారు. మూడు దశాబ్దాలు అది ఎండకు ఎండి తుప్పు పట్టింది. తరువాత అభిమానులు దానిని వెదకి తెచ్చి, ఒక్కొక్క భాగం విప్పి బాగుచేశారు. 1999లో, ఎనభై దాటిన క్రూజ్ గారు ఉత్తరాల సంచులతో అదే లారీ ఎక్కి, అదే దారిన మళ్ళీ బర్డ్స్‌విల్ వెళ్ళారు. 2011లో ఆయన కన్ను మూశారు. ఆ లారీ ఇప్పుడు దక్షిణ ఆస్ట్రేలియాలోని బర్డ్‌వుడ్ మోటారు మ్యూజియంలో ఉంది.

పాత దారిన పాత బండిలో మళ్ళీ వెళ్ళడం అక్కడ ఒక ఆచారంగా మారింది. వాళ్ళు "అవుట్‌బ్యాక్" అనే ఆ లోసీమలో ఏటేటా ఇట్లాంటి యాత్రలు జరుగుతున్నాయి. వాటిలో చాలావరకు ధర్మకార్యానికి చందా పోగుచేసేవి. 1953లో రెడెక్స్ అనే కంపెనీ పేరు మీద దేశం చుట్టూ ఒక మోటారు పందెం జరిగింది. సొంత కార్లలో మామూలు మనుషులు వేల మైళ్ళు దుమ్ములో తిరిగారు. ఆ ముచ్చటను గుర్తు చేసుకుంటూ 1985లో డిక్ స్మిత్ అనే వ్యాపారి కొంతమంది మిత్రులను పాత కార్లలో బోర్క్ నుండి బర్క్‌టౌన్ వరకు తీసుకొని వెళ్ళాడు. వెరైటీ అనే పిల్లల సహాయ సంస్థ కోసం ఆ ప్రయాణం. దానికి "బాష్" అని పేరు. అది పందెం కాదు, ముందు చేరినవాడికి బహుమానం లేదు. నడవలేని పిల్లలకు చక్రాల కుర్చీలు, వికలాంగుల బడులకు చిన్న బస్సులు ఆ డబ్బుతో వస్తాయి.

అందులో ఒక తమాషా ఉంది. దారిలో తనిఖీ చేసే అధికారులుగా కొందరిని నిలబెడతారు. వాళ్ళకు "లంచం" ఇవ్వవచ్చు. ఇస్తే తప్పులు మాఫీ. ఆ లంచమంతా నేరుగా పిల్లల నిధిలో పడుతుంది. లంచం ఇచ్చి పుణ్యం కట్టుకునే చోటు భూమి మీద అదొక్కటే అయి ఉంటుంది.

1990లో మొదలైన ఇంకొక కారు యాత్ర ఫ్లయింగ్ డాక్టర్ సర్వీసుకు, అంటే విమాన వైద్యుల సంస్థకు సొమ్ము కూర్చేది. అందులో పాత మోడలు కుటుంబ కార్లే ఎక్కువ. ప్రతి బండివాళ్ళు ఇంత చందా పోగుచేసి కట్టాలన్న నియమం ఉంది. అందువల్ల ఆ బండి ఎక్కేవాడు అంతకుముందే తన ఊరిలో ఇంటింటికి తిరిగి, విందులు పెట్టి, వేలం పాటలు పాడి డబ్బు కూర్చుకోవాలి. ఇన్నేళ్ళలో ఆ ఒక్క యాత్ర ద్వారా రెండు కోట్ల డాలర్లకు మించి పోగయింది.

"పాత కారు బాగు చేయడానికి, పెట్రోలుకు పెట్టే ఖర్చు నేరుగా బీదలకు ఇవ్వవచ్చు కదా" అని ఎవరైనా అడగవచ్చు. అత్తరు బుడ్డి పగులగొట్టిన దినాన బేతనియలో ఈ మాట మొదట అన్నవాడెవడో మన పాఠకులకు గుర్తుచేయనక్కర లేదు. అయినా ప్రశ్న చెడ్డది కాదు. ఆ యాత్రికులు చాలామంది కలిగినవాళ్ళు. వాళ్ళకు అది సరదా కూడా. ఆ సరదా వెనుక ఏమున్నదో తెలియాలంటే విమాన వైద్యుల సంస్థ ఎట్లా పుట్టిందో తెలియాలి. అది పుట్టింది ఒక సంఘ కాపరి మనస్సులో.

ఒక రోజు ఆలస్యం

1917లో పశ్చిమ ఆస్ట్రేలియాలో జిమ్మీ డార్సీ అనే పశువుల కాపరి గుర్రం మీద నుండి పడి లోపల గట్టి దెబ్బ తిన్నాడు. వయస్సు 29. అన్నదమ్ములు అతనిని బండిలో వేసుకొని 75 కిలోమీటర్లు పన్నెండు గంటలు నడిపించి హాల్స్ క్రీక్ అనే ఊరికి తెచ్చారు. మన పల్లెల్లో జబ్బు మనిషిని నులక మంచం మీద పడుకోబెట్టి నలుగురు మోసుకొని రావడం చూసినవారికి ఆ పన్నెండు గంటలు ఎట్లా ఉండి ఉంటాయో చెప్పనక్కర లేదు. కపెర్నహూములో పక్షవాయువు గలవానిని మోసిన ఆ నలుగురి పేర్లు సువార్తలో లేవు. ఆ పన్నెండు గంటల గురించి కూడా ఎవరూ పెద్దగా రాయలేదు.

హాల్స్ క్రీక్‌లో వైద్యుడు లేడు. పోస్టుమాస్టరు టకెట్ గారికి ప్రథమ చికిత్స మాత్రం తెలుసు. దగ్గరలోని ఊళ్ళ వైద్యులు దొరకకపోతే, వేల కిలోమీటర్ల దూరాన పెర్త్ నగరంలో ఉన్న డాక్టర్ హాలండ్ గారికి ఆయన తంతి కొట్టాడు. తనకు ప్రథమ చికిత్స నేర్పినవారు ఆయనే. మూత్రాశయం చిట్లింది, వెంటనే ఆపరేషను చేయాలి అని జవాబు వచ్చింది. మత్తు మందు లేదు. శస్త్రాలు లేవు. ఉన్నది ఒక చిన్న కలం చాకు, మనం బావిలో వేసే పర్మాంగనేటు. రోగిని బల్లకు కట్టి, తంతిలో ఒక్కొక్క మాట చుక్క గీతలుగా వస్తుంటే, పోస్టుమాస్టరు గంటల తరబడి కోశాడు, కుట్టాడు. డార్సీ బ్రతికాడు. అయితే కొన్ని రోజులకు మళ్ళీ ఒళ్ళు క్షీణించడం మొదలైంది.

హాలండ్ గారు పెర్త్‌లో పశువుల ఓడ ఎక్కి డెర్బీ రేవులో దిగారు. అక్కడి నుండి ఒక ఫోర్డు మోటారులో బయలుదేరారు. 550 కిలోమీటర్లకు పైగా దూరం. రోడ్డు లేదు, బండ్ల జాడ ఉంది, కొన్ని చోట్ల అదీ లేదు. ఆరు రోజులు పట్టింది. హాల్స్ క్రీక్ ఇంకా 40 కిలోమీటర్లు ఉందనగా కారు నిలిచిపోయింది. ఆయన నడిచి ఒక ఎస్టేటు చేరి, గుర్రం తీసుకొని మిగిలిన దూరం పోయారు. అప్పటికి డార్సీ చనిపోయి ఒక రోజు అయింది. పరీక్షించి చూస్తే ఆపరేషను సరిగానే జరిగింది. చంపింది మలేరియా జ్వరం, కడుపులో చీము. ఆస్ట్రేలియా పత్రికలన్నీ ఆ కథ రాశాయి.

జాన్ ఫ్లిన్ గారు ఆ కథను వదలలేదు. ఆయన ప్రెస్బిటేరియన్ సంఘ కాపరి, 1880లో పుట్టినవారు. లోసీమ ప్రజల కోసం ఆ సంఘం 1912లో ప్రారంభించిన ఇన్లాండ్ మిషనుకు మొదటి అధిపతి. ఆయన కాపరులు ఒంటెల మీద నెలల తరబడి తిరిగి ప్రార్థనలు చేసి, బాప్తిస్మములిచ్చి, ఎడారిలో పడి ఉన్న శవాలను పాతిపెట్టి వచ్చేవారు. ఫ్లిన్ గారు ఒక పత్రిక కూడా నడిపారు. ఇట్లాంటి పత్రికల వల్ల ఏమవుతుందిలే అనుకునేవారికి ఒక సంగతి: క్లిఫర్డ్ పీల్ అనే వైద్య విద్యార్థి మొదటి ప్రపంచ యుద్ధంలో విమానదళంలో చేరి వెళ్తూ, 1917లో ఫ్లిన్ గారికి ఒక ఉత్తరం రాశాడు. విమానంలో వైద్యుడు పోతే ఎంత ఖర్చవుతుంది, ఏ ఊరి నుండి ఏ ఊరికి ఎంత సేపు పడుతుంది అని లెక్కలు వేసి పంపాడు. 1918లో ఆ పిల్లవాడు ఫ్రాన్సులో యుద్ధంలో చనిపోయాడు. ఉత్తరం ఆ పత్రికలో అచ్చయింది.

విమానం ఉంటే చాలదు, రోగి ఉన్న ఇంటి నుండి కబురు రావాలి. ఫ్లిన్ గారు 1925లో డాడ్జి మోటారు మీద రేడియో పెట్టెలు కట్టుకొని ఎడారిలోకి బయలుదేరారు. కరెంటు ఎక్కడిది? కారు వెనుక చక్రం జాకీతో లేపి, దానికి బెల్టు తగిలించి, ఇంజను నడిపి కరెంటు తీశారు. ఇంజనుకు బెల్టు వేసి వేరుశనగ కాయలు ఒలిపించే మన రైతులకు ఇది వింత కాదు. మరుసటి ఏడు ట్రేగర్ అనే రేడియో నిపుణుని వెంట తీసుకొని మళ్ళీ వెళ్ళారు. సైకిలులాగా కాళ్ళతో తొక్కితే పనిచేసే రేడియోను ట్రేగర్ గారు తయారుచేసి 1929లో ఇళ్ళకు చేర్చారు. ఇంట్లో ఒంటరిగా ఉన్న తల్లి కూడా దానిని తొక్కి కబురు పంపగలదు. అంతకు ముందే, 1928 మే నెలలో, క్లోంకరీ ఊరి నుండి మొదటి వైద్య విమానం ఎగిరింది. మొదటి సంవత్సరంలో 225 మంది రోగులకు వైద్యం అందింది. మన సీమకు "రాయలసీమ" అని నంద్యాల సభలో పేరు పెట్టుకున్నదీ ఆ 1928లోనే.

హాలండ్ గారి కారుకు ఆరు రోజులు పట్టిన దూరం విమానానికి కొన్ని గంటలు. ఇప్పుడు పాత కార్లలో దుమ్ము తింటూ పోయే యాత్రికులు కొనిపెట్టేది ఆ గంటలనే.

తిరిగి వెళ్ళిన రాయి

ఇంతవరకు చెప్పి ఆపితే కథ సగమే. ఆ ఎడారి ఎవరూ లేని చోటు కాదు. తెల్లవారి గుర్రాలు, ఒంటెలు, మోటార్లు రాకముందు వేల సంవత్సరాలుగా అక్కడ మూలవాసులు ఉన్నారు. ఎస్టేటు పశువులను కాసింది, దారి చూపింది, నీటి ఊటలు ఎక్కడున్నాయో చెప్పింది చాలావరకు వాళ్ళే. ఫ్లిన్ గారి మిషను మాత్రం ముఖ్యంగా తెల్లవారి కుటుంబాల కోసం పెట్టినది. ఆ రోజుల్లోనే ఆయన సంఘానికే చెందిన డాక్టర్ చార్లెస్ డుగిడ్ గారు ఈ మాట ముఖం మీదే అడిగారు. అడిగి ఊరుకోక, 1937లో ఎర్నబెల్లాలో మూలవాసుల కోసం ఒక మిషను ప్రారంభం కావడానికి కారకులయ్యారు.

1951లో ఫ్లిన్ గారు ప్రభువునందు నిద్రించారు. ఆయన అస్థికలను ఆలిస్ స్ప్రింగ్స్ దగ్గర ఉంచి, పైన పెద్ద గుండ్రాయి ఒకటి నిలబెట్టారు. ఆ రాయిని నాలుగు వందల కిలోమీటర్ల దూరాన ఉన్న కార్లూ కార్లూ అనే చోటు నుండి తెచ్చారు. అక్కడి మూలవాసులకు అది పవిత్ర స్థలం. వాళ్ళను అడగకుండానే తెచ్చారు. ఆ రాయి మాది, మాకు ఇవ్వండి అని వాళ్ళు చాలా ఏళ్ళు అడిగారు. చివరకు 1999లో రాయి తన చోటికి తిరిగి వెళ్ళింది. ఆలిస్ స్ప్రింగ్స్ ప్రాంతపు మూలవాసులు తమ నేల నుండి ఇంకొక రాయిని ఫ్లిన్ గారి సమాధి కోసం ఇచ్చారు.

క్రూజ్ గారి లారీ పాత దారిన మళ్ళీ నడిచిన సంవత్సరమూ అదే. ఆ ఏడు ఆ దేశంలో జరిగిన మరు ప్రయాణాలలో, నా మట్టుకు, రాయి చేసిన ప్రయాణమే పెద్దది. ముందు వెళ్ళినవారు చేసినది మళ్ళీ చేసి చూపడం ఒకటి, వాళ్ళు విడిచిపెట్టినది చేయడం ఇంకొకటి. నేటి విమాన వైద్యులు మూలవాసుల పల్లెలకూ పోతున్నారు కాబట్టి ఆ చందాలకు అర్థం ఉంది. వాళ్ళను మళ్ళీ విడిచిపెట్టి ఉంటే ఆ కార్ల యాత్ర ఉత్త ఊరేగింపుగా మిగిలేది.

రాయవేలూరు దారి

ఇదంతా సముద్రాల అవతలి సంగతి అనుకోవద్దు. కడప, కర్నూలు జిల్లాల్లో పెద్ద జబ్బు వస్తే "రాయవేలూరు పోదాం" అనని ఇల్లు ఉందా? ఆ ఆసుపత్రి కథలోనూ ఒక పాత మోటారు ఉంది.

ఐడా స్కడర్ అమ్మగారు 1870లో రాణిపేటలో పుట్టారు. తండ్రి మిషనరీ డాక్టరు. యౌవనంలో ఉండగా తిండివనంలో ఒక రాత్రి ముగ్గురు మగవాళ్ళు, ఒకరి తరువాత ఒకరు, వచ్చి ప్రసవ వేదనలో ఉన్న తమ భార్యల కోసం ఆమెను పిలిచారు. నేను డాక్టరును కాను, మా నాన్నగారు వస్తారు అంటే ముగ్గురూ వద్దన్నారు. పరాయి మగవాడు చూడటం కన్నా చావే నయమనుకున్నారు. తెల్లవారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు. ఆమె అమెరికా వెళ్ళి వైద్యం చదివి వచ్చి 1900లో వేలూరులో పని మొదలుపెట్టారు.

ఆసుపత్రి కడితే చాలునా? రాగలిగినవాళ్ళే వస్తారు. అందుకని అమ్మగారు ఎద్దుల బండిలో పల్లెల దారి పట్టారు. 1909లో ఒక చిన్న ప్యూజో మోటారు వచ్చింది. ఆ దారుల్లో అంతకుముందు మోటారు చూసినవారు లేరు. దయ్యం వస్తున్నదని జనం పొలాల్లోకి పరుగెత్తారట. కొన్ని వారాలకే ఆ శబ్దం వినబడితే జనం దారి పక్కకు వచ్చి కూర్చునేవారు. గుడియాత్తం దారిలో ఫలానా చెట్టు కింద బండి ఆగుతుంది అని తెలుసు. అక్కడే పుండ్లు కడగడం, మందు ఇవ్వడం, పళ్ళు పీకడం, చిన్న చిన్న కోతలు. బావి దగ్గరికి కూడా రానివ్వని కులాలవాళ్ళు, ఊరి బయటికి నెట్టిన కుష్ఠురోగులు ఆ చెట్ల కిందికి వచ్చారు. దానికి ఇంగ్లీషులో "రోడ్‌సైడ్" అనే పేరు స్థిరపడింది.

అదే ఆర్కాటు మిషను తెలుగు నేల మీద మదనపల్లెలోనూ పనిచేసింది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు మదనపల్లె మన కడప జిల్లాలోనిదే. జమ్మలమడుగులో లండన్ మిషను దొరల క్యాంబెల్ ఆసుపత్రి చుట్టు తాలూకాలకు ఆధారమైంది. పెన్న పొంగితే అవతలివాళ్ళు అవతల, ఇవతలివాళ్ళు ఇవతల. వానాకాలంలో నల్లరేగడి దారిలో బండి చక్రం ఇరుసు వరకు దిగేది. మిషనరీలు అందుకే చలికాలం వచ్చాక డేరాలు బండ్లకెత్తుకొని పల్లెలకు బయలుదేరేవారు. దారి లేకపోతే ఏమవుతుందో 1876 నాటి ధాత కరువులో ఈ జిల్లాలు చూశాయి. పదేళ్ళలో కర్నూలు జిల్లా జనాభా ఇంచుమించు నాలుగో వంతు తగ్గిపోయింది.

ఇప్పుడు తారు రోడ్లు వచ్చాయి. 2005 నుండి 108 బండి ఉంది. ఫోను కొడితే వస్తుంది. అయినా నల్లమల అంచున ఉన్న గూడేనికి, కొండ కింది చివరి పల్లెకు, రోడ్డు ఒకచోట ఆగిపోయే ఊళ్ళకు ఆ చివరి రెండు మైళ్ళు ఇంకా నులక మంచం మీదివే. గాజా పోవు అరణ్య మార్గమున ఫిలిప్పు ఒక్క మనిషి కోసం రథం పక్కన పరుగెత్తినట్లు, ఆ రెండు మైళ్ళు ఎవరో ఒకరు నడవవలసిందే.

ఆస్ట్రేలియావాళ్ళలాగా మనకు పాత కార్ల యాత్రలు కుదరకపోవచ్చు. మనకున్నవి షెడ్డులో మూలన పడిన అంబాసిడర్లు, ఒకటో రెండో పాత జీపులు. అయినా జమ్మలమడుగు నుండి కోవెలకుంట్ల మీదుగా నంద్యాల వరకు, పాత మిషను డేరాలు వేసిన చోట్ల ఆగుకుంటూ, ఒక డాక్టరును, ఇద్దరు నర్సమ్మలను, కంటి పరీక్ష బల్లను వెంట తీసుకొని పోవడం ఏ పాస్టరేటుకైనా తలకు మించిన పని కాదు. ఆ బండికి చందా వేసేది ఎవరంటే కోతలయ్యాక గింజలు, కోడిపెట్టలు కానుక తెచ్చే మన సంఘాలవాళ్ళే. కళ్ళద్దాలు లేక బైబిలు మూసిపెట్టిన పెద్దలు ఏ పల్లెలో ఎందరున్నారో లెక్క తీసి బయలుదేరాలి, అంతే.

అయితే ముందు దారి తెలియాలి. అది పుస్తకాలలో అంతగా లేదు, పెద్దవాళ్ళ జ్ఞాపకంలో ఉంది. ఎనభై, తొంభై ఏళ్ళవాళ్ళు మీ ఇంట ఉంటే ఈ వారమే కూర్చోబెట్టి అడగండి. మన ఊరికి మొదట వచ్చిన మోటారు ఎవరిది? దొరసానమ్మ ఏ చెట్టు కింద బల్ల వేశారు? మందు కోసం ఎవరెవరు వచ్చారు? ఆ బండి రాని వీధి ఏది? ఊరి పేరు, తాలూకా రాసి పత్రికకు పంపితే వరుసగా ప్రచురిస్తాము.